కాలనీ భజన గదిలో అందరికీ ఒకటే పీఠం: నడుమ ఎవరు, మెట్లు ఎంత, దీపం ఎక్కడ?

కాలనీభజన_హన్మకొండ:

అందరికీ నమస్కారం. హన్మకొండలో మా కాలనీ కమ్యూనిటీ హాలు పక్కన ఒక గదిని 26 ఇండ్లు కలిసి భజనకు తీసుకున్నాం. గది పొడవు 12 అడుగులు, వెడల్పు 10. తలుపు పడమటి గోడకుంది కాబట్టి పీఠం తూర్పు గోడకే రావాలి. మేం తూర్పు ముఖంగా కూర్చుంటాం.

మాలో శివభక్తులున్నారు, శ్రీవైష్ణవులున్నారు, బేస్తవారం సాయి భజన చేసేవాళ్లున్నారు. ఐలోని మల్లన్న ఇంటిదేవుడైనవాళ్లు, ఏటా అయ్యప్ప మాల వేసేవాళ్లు, లింగధారులు రెండిండ్లు. ఇప్పటికి ఒక్కొక్కరు తెచ్చిపెట్టిన పటాలు 34 అయినయి. ఇత్తడి విగ్రహాలు ఐదు (వినాయకుడివే రెండు), ఒక సాలగ్రామం, ఒక చిన్న బాణలింగం (నర్మదా నదిలో దొరికే రాతి లింగం). ఒకాయన మూడడుగుల పాలరాతి విగ్రహం చేయించి ఇస్తానంటున్నారు.

అడిగేవి నాలుగు. నడుమ ఎవరిని పెట్టాలి? ఓట్లు పెడదామని కొందరంటున్నారు, అది సరైనదేనా? మెట్ల కొలతలు ఎట్లుండాలి? పాలరాతి విగ్రహం తీసుకోవచ్చా? తెలిసినవాళ్లు కొలతలతో సహా చెప్పండి. "అందరూ కలిసిమెలిసి ఉండండి" అనే మాట ఇప్పటికే చాలామంది చెప్పారు.

పాతపంచాంగం:

నడుమ ఎవరన్న ప్రశ్నకు జవాబు పంచాయతన పూజలో ఉంది. శివుడు, విష్ణువు, అమ్మవారు, సూర్యుడు, గణపతి ఐదుగురూ ఒకే పళ్లెంలో ఉంటారు. ఎవరికి ఎవరు ఇష్టదైవమో వాళ్లు నడుమకు వస్తారు, మిగతా నలుగురు మూలల్లో కూర్చుంటారు. అంటే నడుమ మారవచ్చని పద్ధతే ఒప్పుకుంటున్నది. మూలలు మాత్రం ఎవరిష్టం వాళ్లది కాదు.

శివుడు నడుమ ఉంటే ఈశాన్యం విష్ణువు, ఆగ్నేయం సూర్యుడు, నైరుతి గణపతి, వాయవ్యం అమ్మవారు. విష్ణువు నడుమ ఉంటే ఈశాన్యం శివుడు, ఆగ్నేయం గణపతి, నైరుతి సూర్యుడు, వాయవ్యం అమ్మవారు. అమ్మవారు నడుమ ఉంటే ఈశాన్యం విష్ణువు, ఆగ్నేయం శివుడు, నైరుతి గణపతి, వాయవ్యం సూర్యుడు.

ఎక్కువ చోట్ల తప్పు జరిగేది ఈ మూలల లెక్కలోనే. కొందరు దిక్సూచి దిక్కులు తీసుకుంటారు. కొందరు పూజించేవాడికీ పూజ్యుడికీ నడుమ ఉన్నదే తూర్పు అన్న సూత్రం పట్టుకుంటారు. రెండూ వాడుకలో ఉన్నవే. సగం ఇదీ సగం అదీ కలిపితేనే వచ్చే ఆదివారం ఇంకొకరు వచ్చి విగ్రహాలు తిప్పిపెడతారు. మీ పీఠం తూర్పు గోడకే కాబట్టి దిక్సూచి లెక్కే సులువు: కూర్చున్న మీకు వెనక వరుస ఎడమ ఈశాన్యం, వెనక కుడి ఆగ్నేయం, ముందు కుడి నైరుతి, ముందు ఎడమ వాయవ్యం. పళ్లెం అడుగున పేర్లు చెక్కించండి. స్టిక్కర్ నూనెకు ఊడుతుంది.

ఇంకొకటి, పంచాయతనాన్ని మెట్ల మీద పరచకండి. పరిస్తే ఈశాన్య, ఆగ్నేయాల వాళ్లు పై మెట్టుకు పోతారు, నడుమ ఉండాల్సినవారు కిందికి దిగుతారు, మళ్లీ పంచాయితీ మొదలు. ఐదుగురూ ఒకే మట్టం మీద, 18 ఇంచుల చదరపు పలక మీద ఉండాలి.

సంఖ్యలో కూడా కట్టుబాటుంది. ఇంటిపూజలో రెండు లింగాలు, రెండు సాలగ్రామాలు, రెండు శంఖాలు, ముగ్గురు గణపతులు, మూడు శక్తి మూర్తులు కూడవంటారు. పటాలకు ఈ లెక్క పట్టించనక్కరలేదని నా అభిప్రాయం, విగ్రహాలకు మాత్రం పట్టించండి. మీ దగ్గర గణపతులు ఇద్దరున్నారు కాబట్టి మూడోది ఎవరు తెచ్చినా మర్యాదగా వద్దనడానికి ఇదే ఆధారం. పనిలో పనిగా చెబుతున్నా, కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్నాయి కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అది క్షేత్రం. అక్కడి ఆగమం, అర్చకులు వేరు.

పాలరాతి విగ్రహం వద్దు. ఇంట్లో ప్రతిమ బొటనవేలి కణుపు నుంచి జానెడు దాకా ఉండవచ్చని, అంతకు మించరాదని మత్స్యపురాణం కొలత. జానెడంటే శాస్త్రం లెక్కలో 12 అంగుళ్లు, అంటే వేలి వెడల్పులు, మన టేపు మీద సుమారు 9 ఇంచులు. మూడడుగులకు పోతే అది గుడి లెక్క: ప్రతిష్ఠ, నిత్య నైవేద్యం, అర్చకుడు. వేసవి సెలవుల్లో 26 ఇండ్లలో ఎన్ని తాళాలు పడతాయో లెక్కేసుకుని మాట్లాడండి. ప్రాణప్రతిష్ఠ చేయని లోహ విగ్రహాలు జానెడు లోపువి పెట్టుకుంటే ఏ రోజు పూజ ఆ రోజుదే. మొదట ఆవాహన అంటే దేవుణ్ణి పిలవడం, చివర ఉద్వాసన అంటే సాగనంపడం. ఒక రోజు గది తెరవకపోయినా దోషమన్న బెంగ ఉండదు.

అదే కారణంగా సాలగ్రామం, బాణలింగం విషయం విడిగా ఆలోచించండి. వాటికి ఆవాహన, ఉద్వాసన లేవు, సాన్నిధ్యం ఎప్పుడూ ఉన్నట్టే లెక్క. రోజూ అభిషేకం, నైవేద్యం జరిగే ఇంట్లో ఉండాల్సినవి అవి. ఇచ్చినవాళ్లకే తిరిగి అప్పగించి, పర్వదినాల్లో తెచ్చి పూజ చేసి తీసుకుపొమ్మనండి. ఇష్టలింగం సంగతి అసలు ఎత్తవద్దు, అది ఒంటి మీద ఉండేది. లింగధారులు అరచేతిలో పెట్టుకుని పూజ చేసుకోవడానికి ముందు వరుసలో రెండు పీటల చోటిస్తే చాలు.

చెక్కపని_కాశిబుగ్గ:

పంతులుగారు పలక ఒకటే మట్టం మీద ఉండాలన్నరు గద, అది కుదిరితె మెట్ల లెక్క అల్కగైతది. కొలతలు రాసుకోన్రి.

తూర్పు గోడ 10 ఫీట్లు. పీఠం 6 ఫీట్లు చాలు, అటు రెండు ఇటు రెండు ఫీట్లు ఖాళీ ఇడవాలె. గా జాగ లేకుంటె పక్కకెల్లి తుడవనీకి రాదు, మూలకు బూజు పడ్తది. గోడకు ఆనిచ్చి కట్టున్రంటరు గని కట్టద్దు. 3 ఇంచులు గాలి సందు ఇడిస్తె వానకాలం గోడ చెమ్మ చెక్కకు ఎక్కదు.

భజనకు కింద కూసుంటరు. కూసున్న మనిషి కన్ను నేల మీదికెల్లి 28, 30 ఇంచుల కాడ ఉంటది. నడిమి బల్ల 24 ఇంచుల ఎత్తు పెట్టి, దాని మీద 9 ఇంచుల ఇగ్రహం పెడితె మొగం సక్కగ కంటికెదురుంగొస్తది. 36 పెడితె నిలబడ్డోళ్లకే కనబడ్తది, కూసున్నోళ్లు మెడ ఎత్తి మెడనొప్పి తెచ్చుకుంటరు. బల్ల లోతు 20 ఇంచులు, పలక 18 గదా.

ముంగటి మెట్టు 10 ఇంచుల ఎత్తు, 12 లోతు. దీపాలు, పూల పళ్లాలు, హారతి పళ్లెం అన్ని దాని మీదనే. ఈడనే అందరు తప్పు జేస్తరు. 12 కు 20 కలిపితె 32 ఇంచులు. గంత దూరం చెయ్యి సాపి ఎనుకున్న ఇగ్రహానికి పూలు పెట్టాల్నంటె ముంగటి దీపం మీదికి వంగాలె, చీరకొంగు అంటుకునేది గప్పుడే. ముంగటి మెట్టును సొరుగు లెక్క బల్ల కిందికి నూకేటట్టు చెయ్యున్రి. అలంకారం అప్పుడు లోపలికి, పూజ అప్పుడు బయటికి. దీపాలు ముట్టించినంక మాత్రం నూకద్దు. ఛానల్ గీనల్ వద్దు, నూనెకు బిగుసుకపోతయి. నాలుగు గట్టి చక్రాలు, రెండు లాకున్నయి పెడితె అయిపాయె.

పటాలకు గోడ మీద చిన్న అర, నేల మీదికెల్లి 38 ఇంచుల కాడ, 5 ఇంచుల లోతు, ముంగట అర ఇంచు అంచు. 6 ఫీట్లంటె 72 ఇంచులు. పటం 10 ఇంచుల వెడల్పు, నడుమ 2 ఇంచుల సందు అనుకుంటె ఆరు పటాలు పడ్తయి. రెండో అర 16 ఇంచులు పైకి ఏస్తె ఇంకో ఆరు. మొత్తం పన్నెండు. 34 యాడ పెడ్తరో మీరే సూసుకోన్రి, గోడ సాగదు.

చెక్క సంగతి: టేకు దొరికితె అంతకు మించింది లేదు. ప్లైవుడ్ అయితె 18 ఎంఎం, ఐఎస్ 710 ముద్ర ఉన్నదే. మామూలు ఎంఆర్ ప్లై అభిషేకం నీళ్లకు అంచులల్ల ఉబ్బుతది. ఎండీఎఫ్ పేరు ఎత్తద్దు. ప్రతి రెండు ఫీట్లకు కింద నిలువు పలక ఉండాలె, లేకుంటె ఆర్నెల్లకు నడుమ కుంగుతది, నూనె అంత నడిమికే జారుతది.

పైన రాయి ఏద్దామనుకుంటె గ్రానైట్ ఎయ్యున్రి, కరీంనగర్ టాన్ బ్రౌన్ మనకాడికెల్లి వచ్చేదే. పాలరాయి వద్దు. పెరుగు, నిమ్మకాయ, పంచామృతం దేనిల పులుపున్నా పాలరాయి మెరుపు తింటది, తెల్ల మచ్చలు పడ్తయి. పసుపు మరక పోనేపోదు. ఇగ్రహం పాలరాతిదైనా గంతే.

మండపానికి ఇత్తడి రేకు తొడుగు ఏపియ్యాలనుంటె పెంబర్తి పనోళ్ల కాడికి పోన్రి. ముంగటి అంచులకే ఏపియ్యున్రి, దీపం పొగ తగిలే కాడ ఏపిస్తె వారం వారం తోముడే.

తులసికోట:

కొలతలు చెక్కపని అన్న చెప్పినవి బాగున్నాయి. ఓటింగ్ గురించి నేను చెబుతా. ఓట్లు వద్దు. 14–12 తో గెలిస్తే ఆ 12 ఇండ్లవాళ్లు కొట్లాడరు, మెల్లగా రావడం మానేస్తారు. గది మూతపడేది అట్లనే.

మొదటి కూర్చోవడంలో దేవుళ్ల పేర్లు ఎత్తకండి. ఇంటికొక చీటీ ఇచ్చి రెండే రాయించండి: "ఇది లేకపోతే నేను రాలేను" అన్నది ఒకటి, "ఇది ముందుంటే నేను కూర్చోలేను" అన్నది ఒకటి. ఒకటికి మించి రాస్తే ఆ చీటీ చెల్లదు. చీటీలు విప్పి చూస్తే గొడవ మనం అనుకున్న చోట ఉండదు. శివుడా విష్ణువా అన్నదానికంటే పటాల సైజు, ఇచ్చినవాళ్ల పేరు పటం మీద రాయడం, విభూతి పళ్లెం తీర్థం పక్కన ఉండడం, అగరుబత్తి పొగ ఇట్లాంటివే ఎక్కువ వస్తాయి. వీటిలో చాలావాటికి అక్కడికక్కడే మందుంది. విభూతి, తిరుచూర్ణం, కుంకుమ మూడింటికీ మూతలున్న వేరు గిన్నెలు. తీర్థం ఇంకో పక్క, తులసి వేసింది విడిగా.

రెండో కూర్చోవడం గదిలోనే. నేల మీద సుద్దతో 6 అడుగుల పీఠం గీయండి. పాత పేపర్లు పటాల సైజుకు కత్తిరించి, పేర్లు రాసి పరచండి. మనుషులు మాటలతో ఒప్పుకోనిది పేపరు ముక్క జరిపితే ఒప్పుకుంటారు. ఫోటో తీసి గ్రూపులో పెట్టండి. వడ్రంగికి బయానా ఇచ్చేది ఆ తర్వాతే, ముందిస్తే కొలతలు ఆయనవి అవుతాయి. (చెక్కపని అన్నా, మిమ్మల్ని అనలేదు.)

మూడోది, 41 రోజులు తాత్కాలికంగా బల్లల మీద నడిపించండి. ఆ రోజుల్లో ఎవరూ ఏదీ జరపకూడదు, అభ్యంతరముంటే రిజిస్టర్లో రాయాలి. మండలం అయ్యాక చదివి, మార్చాల్సింది మార్చి, తీర్మానం రాసి అన్ని ఇండ్లతో సంతకం పెట్టించండి. తర్వాత మార్పులు ఏడాదికి రెండుసార్లే, ఉగాదికి, దసరాకు.

నడుమ విషయంలో నా మాట వేరు. నడుమ ఇత్తడి దీపస్తంభం పెట్టండి. ఏ భజన చేసేవాళ్లకైనా అది అడ్డు కాదు.

పటాల లెక్క: పై అర ఆరు స్థిరం, కింది అర ఆరు మారేవి. మారేవాటిని నెలకొకసారి మార్చండి. మిగిలిన 22 లో ఎవరివి వాళ్లకు పేరుతో సహా తిరిగి ఇవ్వండి. కొత్త పటం రావాలంటే పాతది ఒకటి బయటికి పోవాలి, సైజు 10×12 దాటకూడదు. రంగు వెలిసిన పటాలను అద్దంతో సహా చెరువులో వేయకండి. అద్దం, మేకులు, ఫ్రేము విడదీసి, కాగితం ఒక్కటే చెట్టు మొదట్లో పాతిపెట్టండి. వడ్డేపల్లి చెరువుకైనా భద్రకాళి చెరువుకైనా ఇప్పటికే మోయలేనంత బరువుంది.

చెక్కపని_కాశిబుగ్గ:

అక్కా, దీపస్తంభం నడుమ పెట్టుడు మంచిగ కనబడ్తది గని నిలువది. రెండు ఫీట్ల స్తంభమంటె దాని మంట కాడికెల్లి పై అర పటాలకు ఫీటు కూడ ఉండదు. పటాలకు ఇప్పుడు అద్దం బదులు యాక్రిలిక్ ఏస్తున్నరు, వేడికి వంకర పోతది. అద్దం ఉన్నదైతె ఒకపక్క వేడి తగిలి పగులుతది. మంటకు పటానికి అడ్డంగ 12 ఇంచులు, మంట మీద బట్ట, తోరణం, ప్లాస్టిక్ పూలు ఏదైనా సరె మూడు ఫీట్లు ఖాళీ. నడుమ పెడితె ఈ లెక్క కుదరది. ఇంకోటి, నడుమున్న పొగ నేరుగ ఇగ్రహం మొగానికే పడ్తది.

పాతపంచాంగం:

దీపాలకు చోటు ముందే ఉంది. ఆవునేతి దీపం దేవుడికి కుడి పక్క, నూనె దీపం ఎడమ పక్క. అంటే చూసేవాళ్లకు నేతిది ఎడమ, నూనెది కుడి. ముందు మెట్టు రెండు చివర్లలో పెడితే చెక్కపని వారి 12 ఇంచులూ దక్కుతాయి.

నడుమ ఎవరూ వద్దనుకుంటే దానికి మన ఊళ్లోనే దారి ఉంది. వేయిస్తంభాల గుడి 1163 నాటి త్రికూటాలయం: శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగుడులు, మూడింటికీ కలిపి ఒకే రంగమంటపం. మీరు కూడా 24 ఇంచుల బల్లను రెండేసి అడుగుల మూడు అరలుగా విడదీయవచ్చు. ఎడమ అర, నడిమి అర, కుడి అర అన్నీ ఒకే ఎత్తు, ఒకే లోతు. ముందు మెట్టు, దీపాలు ఉమ్మడి. కింద నిలువు పలకలు రెండడుగులకొకటి ఎలాగూ వస్తున్నాయి, వాటినే పైకి 15 ఇంచులు లేపితే అరలైపోతాయి. అయితే అరకు పైకప్పు వేయకండి, లోపల మసి చేరుతుంది.

ఈ దారిలో పంచాయతన పలక ఉండదు. అదీ ఇదీ రెండూ కావాలనకండి.

కాలనీభజన_హన్మకొండ:

మూడు అరల మాట మా వైష్ణవులకూ శివభక్తులకూ ఇద్దరికీ నచ్చేట్టుంది. పేపర్లు కత్తిరించే పని ఈ ఐతారం పెట్టుకుంటాం. ఇంకా మూడు చిన్నవి మిగిలాయి. పండుగలకు బతుకమ్మ, మల్లన్న, అయ్యప్ప ఎట్లా? పూలు, పత్రి అందరివీ ఒకే పళ్లెంలో పెట్టవచ్చా? అభిషేకం నీళ్లకు పైపు పెట్టించాలా?

తులసికోట:

పండుగలకు ముందు మెట్టు కుడి సగం ఖాళీగా ఉంచండి, అది ఎవరి పండుగైతే వాళ్లది. పసుపు గౌరమ్మను తమలపాకు మీద, ఆ ఆకును స్టీలు పళ్లెంలో పెట్టి ఆ చోట ఉంచండి, సాయంత్రం బతుకమ్మతోపాటే సాగనంపుతారు. బతుకమ్మ మాత్రం మెట్టు మీద కాదు, నేల మీద పీట వేసి పెట్టండి. తాంబాళం వెడల్పు 12 ఇంచుల మెట్టు మీద ఆగదు, తంగేడు, గునుగు రాలి దీపంలో పడతాయి. అయ్యప్ప పడిపూజకు 18 మెట్లు కావాలి, అది గదిలో వద్దు, హాల్లో పెట్టుకోండి. మల్లన్నకు పట్నం (రంగుల ముగ్గు) వేస్తే ఆరుబయటే. మేడారం జాతర జరిగే ఏడాది అమ్మవార్లకు బంగారం అని బెల్లం తెస్తారు కదా, అది ఆ రాత్రే పంచిపెట్టాలి. తెల్లారేదాకా ఉంచితే పీఠం చీమలదవుతుంది. ఒకసారి చెక్క సందుల్లో దారి చేసుకున్నాయంటే ఏడాదంతా వస్తాయి.

పాతపంచాంగం:

పూల పళ్లేలు అరకొకటి. గణపతికి తులసి వేయరు (చవితినాడు ఒక్కరోజు వేయడం వేరు), శివుడికి మొగలిపువ్వు పనికిరాదు, అమ్మవారికి గరిక, సూర్యుడికి మారేడు, విష్ణువుకు అక్షతలు కూడవంటారు. ఒకే పళ్లెమైతే ఆ రోజు వంతువాళ్లకు ఇదంతా గుర్తుండదు. మూడు పళ్లేలకు మూడు పేర్లు రాసిపెడితే చాలు.

రాగి పాత్రలో పాలు, పెరుగు పోయవద్దు. శాస్త్రం ఒప్పదు, పులుపుకు చిలుము కూడా వస్తుంది. వాటికి వెండి, లేకపోతే స్టీలు. రాగి నీళ్లకు మాత్రమే.

చెక్కపని_కాశిబుగ్గ:

పైపు వద్దు. పాలు, నెయ్యి కలిసిన నీళ్లు సన్న పైపుల గడ్డగట్టి నెల రోజులకు వాసనొస్తది. ఇగ్రహాన్ని బల్ల మీదికెల్లి దించి, నేల మీద వెడల్పు పళ్లెంల పెట్టి అభిషేకం చెయ్యున్రి, నీళ్లు బకెట్ల పట్టి ఎవ్వలు తొక్కని చెట్లకు పొయ్యున్రి. ఇత్తడి తోముడు నెలకు రెండుసార్లు, చింతపండు ఉప్పు సాలు. తోమినంక వెంటనే పొడిబట్టతోని తుడవకుంటె మర్నాటికే నల్లబడ్తది. పూత పూసిన ఇగ్రహాలను చింతపండుతోని తోమద్దు, పూత పోతది.

సీరియల్ లైట్లకు వేరే ఎంసీబీ పెట్టియ్యున్రి, వైరు బల్ల కింద కాదు, గోడ మీదికెల్లి పైనుంచి రావాలె. కింది వైరు మీద నూనె కారి, ఎలుక కొరుకుతది. పొగకు ఫ్యాన్ పెట్టేది పీఠానికి ఎదురు గోడకు, పైన. పీఠం పక్కన పెడితె దీపం ఊగుతది, మసి ఒక్క దిక్కే పడ్తది. హారతి కర్పూరం చేతిల పళ్లెంలనే వెలిగియ్యాలె, మెట్టు మీద పెట్టి వెలిగిస్తె గ్రానైట్ కూడ పగులుతది.

ఆకరిది: గది తాళం ఏసేముందు దీపాలు కొండెక్కినయా సూసేటోళ్లు ఎవరో రోజువారీగ రాసిపెట్టున్రి. అఖండ దీపం పెట్టాల్నంటె గాజు చిమ్నీ, కింద ఇంచు అంచున్న స్టీలు పళ్లెం, దాంట్ల ఇసుక, రాత్రి గదిల పండుకునే మనిషి, ఈ నాలుగు ఉంటెనే. మనిషి లేకుంటె వద్దే వద్దు.

కాలనీభజన_హన్మకొండ:

అఖండం తీసేశాం. పాలరాతి విగ్రహం ఇస్తానన్నాయనకు పంతులుగారి జానెడు లెక్క చెబితే, దాని బదులు గ్రానైట్, ముందు అంచుకు పెంబర్తి రేకు ఇస్తానన్నారు. పేరు చెక్కించాలని అడిగారు.

తులసికోట:

చెక్కించండి. ముందు మెట్టు అడుగు పక్కన, నూకినప్పుడు లోపలికి పోయే వైపు.